నూటనలభై

బరంపురం బస్టాండులో టికెట్టడగాలంటే
ముందు తెలుగును నాలిక కింద దాచాలి.
ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే
ఒడియా దానంతటదే ఊరుకుంటుంది.
ఎవరూ నేర్పలేదిది.

ల్యాబులో గాజుగొట్టం అడుగున
ఆవగింజంత ముద్ద.
పొట్నూరు కూర్మయ్య తుంటెముకలోంచి తోడిన మూలకణాలు.
నలభయ్యేళ్ళు గుంటమగ్గంలో కాళ్ళాడించినవాడు.
మోకాళ్ళలో ఇసుక నలుగుతోందంటాడు.

ఎముక కావచ్చివి, కొవ్వు కావచ్చు,
కీలు నడుమ జారే ఆ తెల్లటి మెత్తదనమూ కావచ్చు.
ఎవరు చెబుతారు వీటికి?
చెప్పేవాళ్ళు కాదు,
ఆపేవాళ్ళు.

ఇరవై రెండక్షరాల ఆర్‌ఎన్‌ఏ తునక.
పేరైనా లేదు, నంబరే: నూటనలభై.
ఏ ప్రోటీనూ నేయదు.
మృదులాస్థికి అడ్డొచ్చే కబురు బయల్దేరగానే
మీద వాలి
ఉష్, అంటుంది.
అయిదు నంబర్ల అవతల ఇంకొకటుంది,
అది కావలసిన మాటనే మింగేస్తుంది.

ఇరవయ్యొకటో రోజు. కరెంటు పోయింది.
ఇన్వర్టరు మూలుగుతోంది.
ముద్దల్ని పలచగా కోసి రంగులో ముంచాను.
నాలుగింట మూడు వెలవెలబోయే ఉన్నాయి.
ఒక్కదానికి మాత్రం
అంచు నుంచి లోపలికి
నీలం.

వరండాలో బల్ల మీద కూర్మయ్య.
"నా మోకాలికేనా అమ్మా?"
కాదు, ఇంకా ఎన్నేళ్ళో, అనాలి.
రెండు భాషల్లోనూ వచ్చు నాకామాట.
ఏది నోరు నొక్కిందో,
స్లైడు ఆయన చేతికిచ్చాను.

వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి,
"పట్టుకైతే
ఈ నీలానికింకో మునక పడాలి" అన్నాడు.