దూది సరిపోలేదు

తిరుపతిలో రెండు రోజులు శిక్షణ ఇచ్చి
చేతిలో ఒక పట్టిక పెట్టి పంపినారు.
నాలుగు నుంచి ఆరేళ్లు: బొమ్మలు, చప్పట్లు.
ఏడు నుంచి పదకొండు: కంఠతా వాక్యం, బహుమతికి పెన్సిలు.
పన్నెండు దాటితే: ప్రశ్నలు అడగనివ్వండి.
ఆ కింద గడి ఖాళీ.
ముసలోళ్లకు ఏం చెప్పాలో
అచ్చేసినోళ్లకు తోచలేదేమో.

మురకంబట్టు చర్చి వెనక రేకుల షెడ్డులో
ఈ నెలంతా తప్పిపోయిన గొర్రె కథే.
చిన్నోళ్లకు అట్టమీద దూది అతికించే పని.
పది గొర్రెలకే కట్ట అయిపోయింది,
కెజియా గొర్రెకు సగం వీపే బొచ్చు.
"టీచర్, తప్పిపోయినప్పుడు అది ఏం తినింది?"
పట్టికలో లేదు.
మామిడాకులు, అన్నాను.
ఆకుపచ్చ క్రేయాను వెతుక్కునింది.

బర్నబాకు పదిహేనేళ్లు.
వెనక బెంచీలో కాళ్లు చాపుకొని,
"ఒకదానికోసం కాపరి పోతే
తొంభై తొమ్మిదినీ ఎవరు చూసినారు మేడం?"
అడగనివ్వండి అని ఉంది.
అడిగినాక ఏం చేయాలో లేదు.
విశ్వాసం ముఖ్యం అన్నాను, గడియారం చూస్తా.
మరుసటి ఆదివారం రాలేదు.
ఆ పైవారమూ.
తోతాపురి కాయ దిగిందంట,
గుజ్జు ఫ్యాక్టరీలో పెట్టెలు మోస్తా ఉండాడని వాళ్లమ్మ చెప్పింది.
ఆదివారం డబల్ కూలి.

బుధవారం ఉపవాస ప్రార్థనలో
అదే కథ ఆడోళ్లకు చదివినాను.
నవరత్నమ్మకు అక్షరం రాదు.
పెళ్లికి ముందు యాదమరి గుట్టల్లో జీవాలు మేపింది.
"బుజాన ఎందుకెత్తుకున్నాడో తెలుసునా మా?"
ప్రేమతో, అన్నాను.
"ప్రేమ ఉండేదే.
దారి తప్పిన జీవం బెదిరి ఆడనే కూలబడతాది.
పిలిస్తే లేవదు, కొడితే లేవదు.
నడవదు మా అది.
మోయాల్సిందే."

ఇరవై రెండేళ్లుగా చెబుతా ఉండాను ఈ కథ.
అది నడవదని నాకెవరూ చెప్పలేదు.

ఈ ఆదివారం నవరత్నమ్మ పెందలాడే వచ్చి
చిన్నోళ్ల మధ్య చాపమీద కూచునింది.
"నువ్వు పో. వీళ్లను నేను చూసుకుంటా."
షెడ్డులో పదకొండు గొంతులు
గొర్రెల్ని మళ్లించే కూత నేర్చుకుంటా ఉంటే
స్కూటీ తీసినాను.
బర్నబాకు జవాబు దొరికిందని
రైల్వే గేటు దాటినాక గాని తట్టలేదు.

ఫ్యాక్టరీ ముందర లారీల వరస, ఈగలు, టెంకల పులిసిన వాసన.
సంచిలో ఇడ్లీ పొట్లం.
ఏం మాట్లాడాలో రాసుకోలేదు.
వాచ్‌మన్ లోపలికి పోయి వచ్చినాడు.
"షిఫ్టు దిగేదానికి గంట పడతాది. ఉంటారా?"

ఉంటానన్నాను.