కోతకూలి

భానోజీ గారు నా కథ తిప్పి పంపారు.
పద్నాలుగు పేజీల్లో ఆరింటి మీద
ఈ మూల నుంచి ఆ మూలకి ఆకుపచ్చ గీత.
మార్జిన్లో ఒకటే మాట: తెలుసు.
వాన వర్ణించిన చోట, తెలుసు.
సుభద్ర రెండోసారి ఏడ్చిన చోట, తెలుసు.
అల్లిపురం ఆఫీసు మెట్లు దిగుతుంటే
కడుపులో ఎక్కడో మండింది.

పేజీకి నూటయాభై ఆ పత్రిక లెక్క.
ఆరు పేజీలంటే తొమ్మిది వందలు.
మంట సరిగ్గా ఎక్కడో
కాంప్లెక్సు దగ్గర బస్సెక్కాక తెలిసింది.
మిత్రులతో మాత్రం
కథ గొంతు కోశారన్నాను.
తొమ్మిది వందలు అనలేదు.
పోర్టులో టాలీ గుమాస్తాని,
ఇరవై రెండేళ్ళుగా ఓడలోకెళ్ళే ప్రతి బస్తా లెక్కపెట్టినవాణ్ణి,
నా లెక్క ఒక్కటే నోట పలకలేను.

ఆదివారం ఫిషింగ్ హార్బరు.
రెండు కిలోల పండుగప్ప
తూకం వేయించి, డబ్బులిచ్చి,
నూకాలు కత్తిపీట ముందు పెట్టాను.
పొలుసు ఎగిరి నా కళ్ళజోడుకి అంటుకుంది.
మొప్పలు, పేగులు, రెక్కలు బకెట్లోకి.
నేను డబ్బిచ్చి కొన్న బరువు
నా కళ్ళముందే తరిగిపోతోంది.
"అంత తీసేస్తున్నావేం?"
"ఏటి బాబూ, రేపు ముల్లు దిగితే
సేపని తిడతావా, నన్ను తిడతావా?
తలకాయ ఉంచీమంటావా?"
ఉంచమన్నాను, పులుసుకి.
అరవై అంది. యాభై అన్నాను.
"సేపకాడ నోరెత్తనేదు,
కత్తికాడ బేరమేటి?"

అరవై ఇచ్చి నడిచాను.
చేపని కోయకముందు తూస్తారు,
కథని కోశాక.
ఇన్నాళ్ళూ నేను
పొలుసుకి కూడా డబ్బులడుగుతున్నానా?
ఇంకోటి కూడా తట్టింది, ఆలస్యంగా:
భానోజీ గారికి ఈ కోతకి
ఎవరైనా ఏమైనా ఇస్తారా?
ఆ ఆకుపచ్చ సిరా
ఆయన సొంత డబ్బుతో కొంటారని విన్నాను.

రాత్రి, వన్‌టౌన్‌లో మా గది.
కిటికీ అంచు మీద రోజూ పడే బొగ్గుపొడి తుడిచి
పేజీలు పరిచాను.
వాన పోయింది. పోనీ.
ఏడుపు పోయింది.
ఏడ్చేముందు సుభద్ర
కొంగుముడిలో చిల్లర మూడుసార్లు ఎంచుకునే చోటు
ఒక్కటీ వెనక్కి తెచ్చుకున్నాను.
ఆయన ముట్టుకోని పేజీ ఒకటి
నేనే కొట్టేశాను.
అది నాకు చాలా ఇష్టమైన పేజీ.
కొట్టేశాక కుళాయి దగ్గరికెళ్ళి
ఊరికే చేతులు కడుక్కున్నాను.

తరవాత ఉత్తరం.
మొదట పదకొండు వాక్యాలు వచ్చాయి:
సాహిత్య సేవ, పత్రిక ఇబ్బందులు,
నా కృతజ్ఞత, మా అమ్మాయి ఫీజు.
ఒక్కొక్కటీ తీస్తూ పోతే
రెండు మిగిలాయి.

తలకాయ ఉంచాను.
దయచేసి పేజీకి రెండు వందలు ఇప్పించండి.

చాలాసేపు చూసి
దయచేసి కూడా కొట్టేశాను.