సోమ, బుధ, శుక్ర

గాజు తలుపుకి లోపలివైపు నుంచి
అట్టముక్క అంటించాను.
"మనిషి కావాలి. సోమ, బుధ, శుక్ర.
ఎనిమిది నుంచి పన్నెండు."
జీతం మాత్రం పెన్సిల్‌తో రాశాను.
రెండుసార్లు చెరిపి, మూడోసారి
మొదటి అంకెకే తిరిగొచ్చాను.

కరెంటు, గ్యాసు, సబ్బుపొడి,
పెద్ద మెషీను వాయిదా,
ఇవన్నీ పోగా మిగిలిన డబ్బుకి
వారానికి పన్నెండు గంటల మనిషే వస్తాడు.
మిగతా గంటలు నావి.
ఇదివరకు అన్నీ నావే.

వాల్పరాయిసోలో మా కొండ మీద
ఆరేసిన దుప్పటి ఊరికే ఆరదు.
సముద్రపు గాలి క్లిప్పులు పీకి
పక్కింటి డాబాకి దానమిస్తుంది.
గెస్ట్‌హౌస్ పక్కగుడ్డలు, చేపల వాసన వదలని స్వెట్టర్లు,
ఓడిపోయి వచ్చిన పిల్లల పదకొండు బురద చొక్కాలు.
పదమూడేళ్లుగా
ఉతుకూ నేనే, ఇస్త్రీ నేనే, చిల్లర లేదనే మాటా నేనే.
మొన్న చలికాలం ఒళ్లు కాలిపోతూ
కౌంటరు మీద తల వాల్చుకుంటే
ఒకామె నా మోచేతి కింద నుంచి రసీదు లాగి
తన మూట తనే వెతుక్కుంది.
నన్ను లేపలేదు. డబ్బు సరిగ్గానే పెట్టింది.
ఆ సాయంత్రమే అట్టముక్క కోశాను.

ఎవరో అమ్మాయి వస్తుందనుకున్నాను,
నడుం వంగే వయసులో.
వచ్చింది డాన్ ఎలెయుతేరియో.
అరవై ఏడు. మా కొండకి ఏటవాలుగా
పట్టాల మీద పాకే చెక్కపెట్టె నడిపినవాడు.
మరమ్మతులని దాన్ని ఆపి రెండేళ్లయింది.
"పొరుగమ్మా, ముప్పై ఒక్క ఏళ్లు
ఎక్కాను, దిగాను, ఎక్కడికీ వెళ్లలేదు.
ఈ పనీ అలాంటిదేగా" అన్నాడు.

నా రసీదుల మీద పేర్లుండవు.
"నీలం గేటు."
"అప్పు, నవ్వుతాడు."
"కుంటి కుక్క."
"కుంటి కుక్క ఎవరు?" అని అడిగాడు.
లుక్రేసియా. కుక్క పోయి నాలుగేళ్లయింది.
ఒక్కొక్కటీ విప్పి చెబుతుంటే
నాకే భయమేసింది.
ఈ కొట్టంతా నా పుర్రెలో ఉంది.
నేను మెట్ల మీద జారితే
సగం కొండ చొక్కా లేకుండా తిరగాలి.

రెండో బుధవారం
గెస్ట్‌హౌస్ దిండు గలేబు మీద
గోధుమరంగు పడవ తేలింది,
అచ్చం ఇస్త్రీపెట్టె ఆకారంలో.
డబ్బు నేనే కట్టాను.
నోటిదాకా వచ్చిన మాటని
పళ్ల మధ్య బట్టల క్లిప్పు పెట్టి ఆపాను.
ఆయన దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాడు.
"ఇంట్లో గోడకి కొట్టుకుంటాను" అన్నాడు.
అన్నాడే గానీ ఆ పూటంతా
మళ్లీ నా ముఖం చూడలేదు.

శుక్రవారం పదింటికి
చెయ్యడానికి పని లేక
సందు చుట్టూ తిరిగొచ్చి
సొంత కొట్టులోకే దొంగలా తొంగిచూశాను.
దుప్పటి మడుస్తున్నాడు,
నేను నాలుగు మడతలు పెట్టేచోట ఐదు.
అల్మరాలో పట్టవు, చెప్పాలి,
ఇప్పుడే చెప్పాలి అనుకుంటుండగానే
కాళ్లు నన్నడగకుండా రేవు దారి పట్టాయి.
వేడి ఎంపనాడా ఒకటి కొని
కూర్చుని తిన్నాను.
కూర్చుని.
ఓడ మీద కంటెయినర్లు లెక్కపెట్టి,
మధ్యలో మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టాను.

లెక్కంటే గుర్తొచ్చింది,
ఈ నెల తేలలేదు.
వచ్చే నెల తేలుతుందని
నేనెవరికీ మాటివ్వలేదు.

తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది.
గొళ్లెం పెట్టి ఉంది. తాళంచెవి మా చోటులో ఉంది.
పాత రసీదులన్నీ ఎత్తి రాసి పెట్టాడు,
పెద్ద గుండ్రటి అక్షరాలతో, ఇంటిపేర్లతో సహా.
లుక్రేసియా పక్కన మాత్రం చిన్న కుక్క బొమ్మ.
నాలుగో కాలు కాస్త పొట్టి.

అల్మరాలో, ఆఖరి అరలో
నా ఏప్రన్, ఉతికి, ఐదు మడతలు.
దానికీ ఒక చీటీ గుచ్చాడు:
"ఓర్టెన్సియా. ఒకటి. బాకీ లేదు."