ఇరవై ఎనిమిదో రోజు

శాయంపేట దాటినాక, చలివాగు మీద
కడుతున్న చిన్న వంతెన నా థీసిస్.
స్లాబు పోసే రోజు కడ్డీల నడుమ
పన్నెండు సెన్సార్లు కట్టాను
పసిపిల్ల మొలకు తాయెత్తు కట్టినట్టు.
ఓదెలు మేస్త్రి నవ్విండు.
"గది ఏం జెప్తది బిడ్డా, మనం అడగనిది?"

హన్మకొండ హాస్టల్ గదిలో
ఫ్యాన్ కింద ల్యాప్‌టాప్ వేడెక్కుతుంటే
అక్కడి కాంక్రీటు ఒళ్లు ఎంత కాలుతుందో
పది నిమిషాలకోసారి నాకు తెలిసేది.
నీళ్లు తాగిన సిమెంటుకు జ్వరమొస్తుంది.
పుస్తకంలో దానికి పెద్ద పేరుంది గానీ
మే నెలలో ఓరుగల్లులో చదివేవాళ్లకు
ఆ పేరుతో పని లేదు.

మూడో రాత్రి రెండూ పదికి
గీత ఒక్కసారిగా కిందికి జారింది.
మళ్లీ నాలుగింటికి.
నాలుగో రాత్రీ అంతే.
వాన లేదు, గాలి లేదు.
క్యూరింగ్ రిజిస్టర్‌లో పొద్దున ఆరు, సాయంత్రం ఆరు,
వారం రోజుల సంతకాలూ ఒకే పూట పెట్టినట్టున్నాయి.
మా గైడ్ తెర మీద వేలు పెట్టి
"నాయిస్. తీసెయ్" అన్నారు.
చెడ్డవాడేం కాదు,
ఆ సాయంత్రం ఇంకో నలుగురి గ్రాఫులు చూడాలాయన.

తీసేద్దామనే అనుకున్నాను.
ఎందుకో పరకాల బస్సెక్కాను.

రేకుల షెడ్డు ముందు వాచ్‌మన్ భార్య కొంరమ్మ
గోనెసంచులు పిండుతోంది.
రాత్రిపూట ఎవరైనా నీళ్లు పోశారా అని అడిగితే
దొంగతనం బయటపడ్డట్టు చూసింది.
"చిన్నదానికి జరం. తడిగుడ్డ మార్చుకుంట కూసున్న.
నిద్ర వట్టలే. బయటికొచ్చి స్లాబు మీద చెయ్యేస్తే
అది గూడ కాలవట్టె.
బిందెలతోనే వోసిన, మోటరు ఎయ్యలే.
సారుకు చెప్పకు."

ఇరవై ఎనిమిదో రోజు ల్యాబ్‌లో
మూడు ఘనాలను మర కింద పెట్టి నలిపాం.
మంచి అంకె వచ్చింది. అందరూ చేతులు కలిపారు.
అవి తొట్టి నీళ్లలో మునిగి హాయిగా పెరిగినవి,
ఎండ ఎరగనివి, కొంరమ్మ చెయ్యి తగలనివి.
వంతెన గురించి వాటికేం తెలుసు?

రాత్రి పట్టికలో ఒక కొత్త వరుస చేర్చి
నీళ్లు పోసినవారు అన్నచోట
ఆమె పేరు తెలుగులో కొట్టాను.
ఆ సాఫ్ట్‌వేర్‌కు మన అక్షరాలు రావు.
మూడు ఖాళీ డబ్బాలు చూపించింది,
బెంచీ మీద బరువు కోసం కూర్చున్న ఘనాల్లా.
అలాగే సేవ్ చేశాను.
గైడ్ అడిగితే ఏం చెప్పాలో
ఇంకా తేల్చుకోలేదు.

పోసిన వేళలు అడిగాను, బిందెలు అడిగాను,
బిందెకు ఎన్ని లీటర్లో కూడా అడిగి రాసుకున్నాను.
చిన్నదానికి జ్వరం తగ్గిందా అని
అడగనే లేదు.