పన్నెండు నిమిషాల బొమ్మ

మహారాణిపేటలో, స్కానింగు గొట్టంలో
పడుకున్నవాళ్ళ కళ్ళ మీద అద్దం వంచి
అందరికీ ఒకటే బొమ్మ వేస్తాను.
ఒక పడవ. ఒక గడప.
తలుపు వేయబోయి ఆగిపోయిన ఆడమనిషి.

"కదలకండి" అంటాను.
కదిలేది లోపల.

సూరాడ తాతారావు, పెదజాలరిపేట.
ఆమె ఏడ్చినంతసేపూ అతని తల నా తెర మీద నిమ్మళంగానే ఉంది.
పడవ రాగానే
చూపుండే చోటూ చేతులుండే చోటూ
అలివి వల లాగేవాళ్ళలా ఒక్క ఊపులో ఎగిశాయి.
బయటికొచ్చి చొక్కా తొడుక్కుంటూ అన్నాడు:
"ఆ గాలికి తెరసాప అలగెగరదమ్మా. అబద్దం."

కణితి నుంచి వచ్చిన హైమావతికి పడవే గుర్తులేదు.
గడప పక్కన చెప్పులు ఎవరివని అడిగింది.
రెండొందల సార్లు వేశాను ఆ బొమ్మ.
చెప్పులున్నాయా?

డాక్టరుగారు అందరి గీతలూ కలిపి సగటు తీస్తారు.
నున్నగా వస్తుంది, ఎవరిదీ కాని తల.
మిగిలిపోయిన వంకరల్ని రొద అంటారు.
తాతారావు గాలి ఆ రొదలోనే ఉంది.

మొన్న మిషను పరీక్షకి నేనే పడుకున్నాను.
ఉన్నాయి చెప్పులు.
ఎడమదానికి పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది.
అలా పెట్టుకునేది మా సుభాషిణక్క.
తర్వాత నా గీతలు చూసుకున్నాను:
ఆ ఒక్క క్షణంలో
ఎన్నడూ పలకరించుకోని మూలలు
ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకున్నాయి.
కాగితం మడిచి సంచిలో వేసుకున్నాను.
లెక్కలో ఒకటి తగ్గిందని ఇంకా ఎవరూ అడగలేదు.

డ్యూటీ దిగి బీచిరోడ్డున కూర్చుంటే
పక్కన ఎవరో మరమరాలు తింటూ
సముద్రం చూస్తున్నాడు.
ఏ సముద్రమో.