సౌండు లేని సినిమా

రాత్రి సీరియల్లో
ఆ డబ్బున్నోళ్ళింట్లో బల్లమీద గాజుగిన్నె,
గిన్నెనిండా జీడిపప్పు.
మూణ్ణెల్లయింది, ఒక్కడూ ఒక్క పలుకు ముట్టడు.
అత్త ఏటి తిట్టిందో నాను ఇన్లేదు,
పప్పే సూసినాను.
నూటెనభై కౌంటు. అన్నీ గుండ్లే. ఒక్క బద్ద లేదు.
"ఓలమ్మ, ఆ గిన్నె ఏరింది మన సేతులే అయుంటాయే"
అన్నాను పొద్దున్న పొట్టు తీసేకాడ.
లోలాక్షి తలెత్తలేదు.
"ప్లాస్టిక్కప్పా" అంది, "ఆ అత్త ఏడుపునాగే."

లోలాక్షి మాటకి మా షెడ్డులో ఎదురుండదు.
కాశీబుగ్గలో అద్దిల్లు, గోడంత టీవీ,
వాయిదాలింకా ఐదున్నాయి.
కోడలు మంచిదే గానీ మరీ మంచిది, అంటాది.
అంత మంచోళ్ళకి ఏ యజమానీ పీఎఫ్ కట్టడు, అంటాది.
కొత్తగా వొచ్చిన జెమ్మికి హీరో గెడ్డం నచ్చింది.
అంతే. కతతో దానికి పన్లేదు.
దమయంతి దెయ్యాల సినిమాలే సూస్తాది,
ఒక్కర్తీ, లైటాపీసి.
"మనుసులున్నవి సూస్తే నిద్రట్టదే నాకు."

నా ఇసయం వేరు.
జీడిసమురుకి నా ఏళ్ళమీది గీతలు ఎగిరిపోనాయి.
రేసనుకాడ మిసను నన్ను గుర్తుపట్టదు,
ఫోనూ నన్ను గుర్తుపట్టదు.
మా గుంట పూర్ణిమ బొటనేలు పెడితేనే
ఇంట్లో సినిమా తెరుసుకుంటాది.
సగంలో దానికి నిద్రొస్తే ఫోను తలకింద పెట్టీసుకుంటాది.
అందుకే సానా సినిమాల్లో ఆళ్ళకి పెళ్ళయిందో లేదో నాకు తెల్దు.
అయిందనే అనుకుంటాను. నాదేటి పోనాది.

మా ఆయన ఢిల్లీసు సూసీది ఆస్పత్రిలో.
వారానికి మూడుసార్లు, పూటకి నాలుగ్గంటలు,
సూదులున్న సెయ్యి కదపకండా
గోడమీద టీవీకేసి.
సౌండుండదక్కడ. మిసన్ల సౌండే.
పెదాలు సూసి మాటలు ఆయనే ఏసుకుంటాడు,
రాత్రి నాను గిన్నెలు తోముతుంటే
పీటేసుకుని సెప్తాడు.

ఆ కోటేసుకున్నోడు సెడ్డోడు కాదే,
ఇచ్చిన అప్పు అడగడానికొచ్చినాడు.
ఈడే, ఇవ్వకండా ఎనక్కి తన్నినాడు.
ఆ ముసిలాయన ఎవుడికీ ఏటీ కాడు,
కొబ్బరితోటకి కాపలా ఉండీవోడు,
తుపానుకి తోట పోనాక ఏటి కాయాలో తెలీక
ఈళ్ళ గుమ్మంలో కూకున్నాడు.
ఆ పిల్ల ఏడుస్తాది సూడు, పేమకి కాదు.
సెప్పు తెగింది.

మొన్న ఆదివారం అదే సినిమా
సౌండెట్టి ముగ్గురం సూసినాం.
కోటోడు నిజంగానే సెడ్డోడట.
ముసిలాయన హీరోకి తాతట, ఆస్తి దాసీసినాడట.
ఆ పిల్ల పేమకే ఏడిసింది,
నాలుగు నిమిషాలు, పాటతో సహా.
"ఛ" అన్నాడాయన.
పాటలో వానొచ్చింది. ట్యాంకరు నీళ్ళు.
తడిసినారు, దోసిట్లో పట్టినారు, ఒకలిమీద ఒకలు జల్లుకున్నారు.
ఈయనకి రోజుకి మూడు గలాసులు, కొలిసి.
తెరకేసి సూస్తా గొంతుక సవరించుకున్నాడు.
నాను బియ్యంలో రాళ్ళు ఎతుకుతున్నాను,
లేని రాళ్ళు.

"సౌండాపీయే" అన్నాడు గుంటతో.
ఆపీసింది.
అక్కణ్ణించి ఆయనే సెప్పినాడు.
కొండమీద కత్తుల్తో కొట్టుకున్నకాడ
"ఆకరి బస్సు ఎల్లిపోనాది, నీవల్లంటే నీవల్లని" అన్నాడు.
పూర్ణిమ నవ్వి నవ్వి ఫోను కింద పడీసింది.
అద్దం మూలకి చిన్న బీట.
ఎవులం తిట్టలేదు దాన్ని.

పొద్దున్న లోలాక్షి అడిగింది,
సినిమా ఎలాగుందే, అని.
మాటలున్నదైతే దండగ.
రెండోది బాగుంది గానీ
మీ గోడంత టీవీలో రాదు, అన్నాను.
మరెందులో వొస్తాదప్పా, ఎందులో, అని
జెమ్మి ఒళ్ళో పొట్టు దులుపుకుని ఫోను తీసింది.