మబ్బు

శామీర్‌పేట అవతల ఫామ్‌హౌస్‌లో
పాలపీకలాంటి ముక్కున్న పిల్లని చేతిలో పెట్టి
"ముప్పాతిక కుక్కే మేడమ్, పావే తోడేలు" అన్నాడు.
ఏ పావో చెప్పలేదు.

రెండేళ్ళుగా వెతుకుతున్నాను.
కళ్ళా? కాచిన నెయ్యి రంగు,
అందులోకి చూస్తే ముందు నేనే చూపు దించుకోవాలి.
కాళ్ళా? నా రెండు గదులకి మరీ పొడుగు.
గొంతా? మొరగదు.
కొరియర్ కుర్రాడొస్తే మంచం కింద దూరుతుంది.
"కాపలాకు పెంచుతున్నారా?" అని లిఫ్టులో అడుగుతారు,
కాపలా కాసేది నేనని చెప్పను.

సోఫాలో స్పాంజంతా ఒక్క మధ్యాహ్నంలో బయటికి లాగి
లోపల ఏమీ లేదని రుజువు చేసింది.
ఫ్రిజ్ తెరవడం మూడు రోజుల్లో నేర్చింది.
"కూర్చో" అన్న మాట గురించి
ఇంకా ఆలోచిస్తోంది.

మబ్బు అని పేరు పెట్టాను.
మా వైపు మబ్బంటే మేఘమే కాదు,
తెల్లారకముందు చీకటి కూడా,
డయాలసిస్ వార్డులో రాత్రి డ్యూటీ దిగి నేను ఇల్లు చేరే వేళ.
పిలిస్తే ఏ అర్థానికి చెవి తిప్పుతుందో తెలీదు.

డాక్టర్ తబస్సుమ్ సూది పట్టుకుని ఆగింది.
"ఈ టీకా కుక్కల కోసం చేసింది.
దీని ఒంట్లో పని చేస్తుందని నేను రాసివ్వలేను."
ఫారంలో జాతి అని ఒక గడి.
ఖాళీగా వదిలేద్దాం అన్నాను.
ఆ గడి దగ్గర తడబడినవాళ్ళలో
మేము మొదటివాళ్ళం కాదు.

రంజాన్‌లో సహరీ సైరన్ మోగితే
బాల్కనీలో మెడ ఎత్తి జవాబిచ్చింది.
మొదటి రోజు పై అంతస్తులో ప్లేటు పగిలిన చప్పుడు.
పదో రోజుకి ఖుర్షీద్ ఆపా కబురంపింది:
"మా ఇంటికి మీ పిల్లే అలారం,"
వెంట ఒక గిన్నెడు బొక్కలు.
సెక్రటరీ వామనరావు మాత్రం నోటీసు అంటించాడు.
"పెంపుడు జంతువు" అని టైపు చేయించి
"పెంపుడు" మీద పెన్నుతో గీత కొట్టాడు.

వాచ్‌మన్ బీరయ్యకి మొదటి రోజే తెలిసింది.
ఒకప్పుడు నారాయణఖేడ్ దిక్కు గొర్లు కాసినవాడు.
"నడక సూడు బిడ్డా, ముందటి కాలు తీసిన జాగలనే
ఎనక కాలు ఏస్తది. కుక్క గిట్ల నడ్వదు.
దీని సుట్టాలు మా మందల పన్నెండు గొర్లను ఎత్కపోయినయి."
అంటూనే తన జొన్నరొట్టె సగం విరిచాడు.

డిసెంబరులో ఒక రాత్రి
డ్యూటీ నుంచి వచ్చేసరికి
గొలుసు ఉంది, మెడపట్టీ ఉంది,
మధ్యలో మెడ లేదు.
గోడ ఏడడుగులు.

ఎటు వెళ్ళిందో ఎవర్ని అడుగుతాం?
యాప్రాల్ వీధికుక్కలు ఎక్కడ నోరు మూసుకున్నాయో
ఆ నిశ్శబ్దం పట్టుకుని నడిచాం, నేనూ బీరయ్యా.
అది గుట్ట దాకా తీసుకెళ్ళింది,
సగం బిల్డరు పేల్చేయగా మిగిలిన బండల గుట్ట.
కొసన నిలబడి ఉంది,
కింద ఊరంతా లైట్లు.

నోరు తెరవబోతే చెయ్యి పట్టి ఆపాడు.
"పిలువకు. ఈపు తిప్పి కూసో."

కూర్చున్నాను.
బండ చల్లదనం బట్టల్లోంచి ఎముకలకెక్కింది.
ఒక బీడీ అయిపోయింది, ఇంకొకటి అంటించాడు.
చివరికి మెడ మీద వేడి ఊపిరి,
వేళ్ళకి అంటిన స్పిరిట్ వాసన చూసింది,
బారెడు దూరంలో కూలబడింది.
అంతకంటే దగ్గరికి రాలేదు.
నేనూ చెయ్యి చాపలేదు.

మబ్బుల దిగాం ముగ్గురం,
గొలుసు నా భుజాన, ముందు అది.
గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది,
నన్ను కాదు, గుట్టని.
నేనూ తిరిగి చూశాను.
ఒక చేత్తో గేటు పట్టుకుని బీరయ్య నిలబడ్డాడు,
వెయ్యాలో తీసి ఉంచాలో
ఎవరూ చెప్పక.